ఏసేపు ఎద ఫోటో

పిలిచేదాకా ఇక్కడే కూర్చోమన్నారు గనక ఏసుమణి కూర్చుంది. కూర్చోవడం ఆమెకు కొత్తేమీ కాదు, పదకొండేళ్ళు రేకుల షెడ్డు కింద సుత్తి పట్టుకుని కూర్చున్న మనిషి, కానీ అప్పుడు చేతికి పని ఉండేది, ఇప్పుడు చేతులు రెండూ ఒళ్ళో పడి ఏం చేయాలో తోచక ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. కర్నూలులోని ఈ కల్యాణమండపం పై అంతస్తును ఏడాదికోసారి నారగుట్ట కాలనీ వాళ్ళ సంఘం అద్దెకు తీసుకుంటుంది. నారగుట్టలో ఆస్బెస్టాస్ అనే రాతినార గనిలో ఒకప్పుడు పనిచేసిన వాళ్ళ మనవళ్ళకూ మనవరాళ్ళకూ కాలేజీ చదువులకు స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. నారగుట్ట ఇప్పుడు లేదు. గుట్ట ఉంది గానీ గని మూసేసి ముప్పై ఏళ్ళు దాటింది, క్వార్టర్ల గోడల మధ్య కంపచెట్లు మనిషెత్తు లేచాయి, చర్చి కప్పు మీది రేకులు ఎవరో ఊడదీసుకుని పోయారు. ఊరు పోయాక ఊరి పేరు చెప్పి ఫ్యాను కింద కుర్చీలేసి టీలు ఇస్తున్నారు, ఊరున్నప్పుడు గుక్కెడు నీళ్ళిచ్చిన నాథుడు లేడు, అనుకుంది ఏసుమణి. అనుకున్న వెంటనే అది అన్యాయమని కూడా అనుకుంది, ఎందుకంటే టీ బాగానే ఉంది.

కిటికీ దగ్గర జెస్సీ నిలబడి ఉంది. కూతురు మహిమకు ఒక్కగానొక్క బిడ్డ, పద్దెనిమిది నిండాయి, ఇదే కర్నూలులో నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది, ఫీజు గవర్నమెంటు కట్టని, సొంతంగా కట్టుకోవాల్సిన రకం సీటు. ఈ నెలాఖరుకు ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. సంఘం వాళ్ళు ఇచ్చేది రెండు రకాలు. నారగుట్టలో పనిచేసిన ఎవరి మనవళ్ళకైనా పుస్తకాలకు సరిపోయేంత ఇస్తారు. గని దుమ్ముకు ఎద చెడి చచ్చిపోయిన వాళ్ళ మనవళ్ళకైతే నాలుగేళ్ళ ఫీజూ హాస్టలూ అంతా వాళ్ళే చూసుకుంటారు. జెస్సీ తాత ఏసేపు దగ్గి దగ్గి చచ్చిపోయాడని వేంపల్లెలో వీళ్ళ వీధి వీధంతా ఎరుగు, అందుకే పూర్తి ఫీజు రాదేమోనన్న అనుమానం ఎవరికీ రాలేదు, మహిమకైతే అసలే రాలేదు, అరటికాయల మండీలో సెలవు దొరకదని తను ఆగి, వీళ్ళిద్దరినీ తెల్లారే బస్సెక్కించి, హాస్టలుకు ఏ బకెట్టు కొనాలో కూడా చెప్పి పంపింది. తీరా వచ్చాక సంఘం కార్యదర్శి రాఘవేంద్రప్రసాద్, నారగుట్టలో అంగడి పెట్టుకున్న శెట్టిగారి కొడుకు, ఒక ఖాకీ కవరు తెచ్చి జెస్సీ చేతిలో పెట్టాడు.

"మీ తాత ఎద ఫోటో పాపా. కంపెనీ ఆసుపత్రి గోడౌన్లో ఇవన్నీ దొరికినాయి. ఎద శుభ్రంగా ఉండాది మరి. పోయే ముందు ఏడు తీసింది ఇది. డాక్టరు కూడా బాగుందనే రాసినాడు. దుమ్ము జబ్బు లెక్కలోకి రాదేమో. కూర్చోండి, లోపల మాట్లాడుదాం, పిలుస్తా."

అప్పటినుంచీ జెస్సీ ఆ నల్లటి ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టుకునే ఉంది. మొదట ముఖం వాడిపోయింది పిల్లకు, తర్వాత ఎందుకో అలాగే చూస్తూ నిలబడిపోయింది. ఏసేపుది ఇంట్లో ఒక్క ఫోటో లేదు. పెళ్ళప్పుడు తీయించుకోలేదు, కాలనీలో ఫోటోలు తీసేవాడు క్రిస్మసుకు వచ్చేవాడు గానీ ఏసేపు ఎప్పుడూ షిఫ్టులోనే ఉండేవాడు. ఈ పిల్ల పుట్టి బుద్ధెరిగాక తాత అన్నవాడి రూపం చూడటం ఇదే, అదీ లోపలి రూపం. "అవ్వా, తాత భుజాలు శానా వెడల్పు గదా," అంది వెనక్కి తిరగకుండానే. పక్కటెముకలు వేలితో ఒక్కొక్కటే లెక్కపెడుతోంది, రేపు నర్సు కాబోయే పిల్ల. ఏసుమణి "ఊఁ" అంది. అంతకంటే ఏమనాలి? ఆ భుజాలు ఏసేపువి కావు. అవి జయపాల్‌వి, ఏసుమణి సొంత తమ్ముడివి, పంతొమ్మిదేళ్ళవాడు అప్పుడు, గనిలో దిగి ఎరగనివాడు. ఏసేపు చొక్కా తొడిగి, ఏసేపు బిళ్ళ మెడలో వేసి, వాణ్ణి ఆ ఆసుపత్రి వసారాలోకి తోలింది తనే.

బిళ్ళ అంటే ఇత్తడి బిళ్ళ, దాని మీద నంబరు. నాలుగువందల పన్నెండు. కంపెనీకి మనిషంటే బిళ్ళే. దిగేటప్పుడు బిళ్ళ చూసేవాళ్ళు, ఎక్కేటప్పుడు బిళ్ళ చూసేవాళ్ళు, ఏడాదికోసారి మగవాళ్ళందరికీ ఎదలకు ఫోటో తీసే రోజు కూడా కాంపౌండరు తల వంచుకుని బిళ్ళ నంబరు రాసుకునేవాడు గానీ తలెత్తి ముఖం చూసేవాడు కాదు. ఎదలో తెల్లమచ్చ కనపడితే ఆ నెల్లోనే పనిలోంచి పేరు కొట్టేసేవాళ్ళు, క్వార్టరు ఖాళీ చేయమనేవాళ్ళు. అందుకని కాలనీలో ఒక ఏర్పాటు పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు. దగ్గు ముదిరిన వాడి బదులు ఎద బాగున్నవాడు పోయి నిలబడేవాడు, తమ్ముడో, బామ్మర్దో, పక్కింటివాడో. బదులు నిలబడటం అనేవాళ్ళు. తప్పని ఎవరికీ అనిపించేది కాదు, పెళ్ళికి ఒకరి చెంబు ఒకరు తెచ్చుకోవడం ఎంతో ఇదీ అంతే. నిలబడి వచ్చినవాడికి ఆ పూట కోడికూర వండేవాళ్ళు. ఏసుమణి కూడా వండింది. జయపాల్ తినేటప్పుడు ఏసేపు పక్కన కూర్చుని వాడికే ముక్కలు ఏరి వేశాడు.

కింద వంటశాలలో ఎవరో తిరగమోత పెట్టారు, ఎండుమిరపకాయల ఘాటు మెట్ల మీదుగా పైకి వచ్చింది, ఇద్దరు ముగ్గురు దగ్గారు. దగ్గు వినపడితే ఏసుమణి వెన్ను ఇప్పటికీ నిటారవుతుంది. దగ్గులన్నీ ఒకటి కావు. మిరపకాయల దగ్గు వేరు, జలుబు దగ్గు వేరు, బీడీల దగ్గు వేరు. నార దగ్గుకు తడి ఉండదు, లోపల ఏదో గీరుతున్న చప్పుడు, మనిషి దగ్గాక ముఖంలో వెలితి కనిపిస్తుంది, ఏదో బయటికి రావాల్సింది రాలేదన్నట్టు. నారగుట్టలో ఆ దగ్గు పొద్దున కొళాయి దగ్గరే మొదలయ్యేది, వరసగా బిందెలు, వరసగా దగ్గులు. నార మాత్రం ఎంత బాగుండేదో. రాయిని సుత్తితో మెల్లగా కొడితే విచ్చుకుని తెల్లటి పోగులు వచ్చేవి, మెత్తగా, పట్టంత మెత్తగా, ఆడవాళ్ళు ఆ పోగుల్ని చెంపలకు రాసుకుని నవ్వుకునేవాళ్ళు. ఆరేసిన చీరల మీద అదే, జుట్టులో అదే, అన్నంలో కూడా అదే. మహిమ అయితే తెల్లదిబ్బ మీద నుంచి జారి జారి ఆడి, నిలువెల్లా తెల్లగా ఇంటికి వచ్చేది, "మా కొండముచ్చు వచ్చిందప్పా" అనేవాడు ఏసేపు, తన మీది దుమ్ము మరిచిపోయి. పదకొండేళ్ళు ఆ నారలోనే కూర్చున్న తనకు మాత్రం ఏమీ కాలేదు. దేవుడు ఎందుకు వదిలిపెట్టాడో, ఈ కుర్చీలో కూర్చోబెట్టడానికేనేమో.

పోదాం పా అన్నాడు ఏసేపు. అదే తెగని మాట. ఎన్ని పనులు చేసినా, ఎన్ని పాటలు పాడినా, చర్చిలో ఎంత ముందు వరసలో కూర్చున్నా ఆ మాట పోదు. ఒక ఆదివారం సాయంత్రం, చర్చి నుంచి వచ్చాక, గడప మీద కూర్చుని, ఒక చేత్తో పక్కటెముకలు పట్టుకుని అన్నాడు. "ఇంగ నేను దిగలేను మే. ఎదలో ఇసక పోసినట్టు ఉండాది. ఈసారి ఫోటోకు నేనే పోతా, తీసేస్తే తీసేయనీ. మా ఊరికి పోదాం పా, రెండు మేకలు మేపుకుని బతుకుదాం." అరవలేదు, బతిమాలలేదు, మామూలుగా అన్నాడు, వర్షం వచ్చేట్టుంది లోపలికి పోదాం అన్నంత మామూలుగా. తనకు ఏం గుర్తొచ్చింది అప్పుడు? క్వార్టర్లో బల్బు గుర్తొచ్చింది. స్విచ్చి నొక్కితే వెలిగే బల్బు, వీధి చివర కొళాయి, మహిమ స్కూలు, పలకా బ్యాగూ, టీచరమ్మ మహిమ గురించి అన్న మాట, ఈ పిల్ల చురుకు, దీన్ని చదివించు ఏసుమణీ అని. అత్తగారి ఊరు గుర్తొచ్చింది, కంపకొట్టం, ఎవరి చేలోనో కలుపు. "మహిమ ఒకటో తరగతి అయిపోనీ," అంది తను. "ఒక్క ఏడు ఓర్చుకో. ఫోటోకు జయపాలును పంపుదాం." ఏసేపు కాసేపు గడప గీకుతూ కూర్చుని, మెడలోంచి బిళ్ళ తీసి ఆమె చేతిలో పెట్టాడు. దాని మీద ఏసేపు ఒంటి వేడి ఉంది.

ఒక్క ఏడు అంది గానీ రెండేళ్ళయింది. ఒకటో తరగతి అయిపోయాక రెండో తరగతి ఉంటుంది కదా, దానిదేముంది, తరగతులు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. రెండో ఏడు జయపాలే నసిగాడు. "అక్కా, బావ శానా చిక్కిపోయినాడక్కా. ఈసారి బావనే పోనీ. తీసేస్తే నా దగ్గర ఉండండి." చిన్నవాడు, వాడికున్నదేముంది, ఒక సైకిలు. తను తిట్టింది వాణ్ణి. ఏ మాటలతో తిట్టిందో గుర్తు లేదు, మనసు ఆ ఒక్కటీ దాచిపెట్టింది, కానీ వాడి ముఖం గుర్తుంది, పోయి నిలబడి వచ్చాడు, ఆ రోజు కోడికూర తినలేదు. ఇప్పుడు జెస్సీ కిటికీలో పట్టుకుని ఉన్నది ఆ రెండో ఏటి ఎద. అలిగిన ఎద. పక్కటెముకల మీద అలకలు పడవు గనక డాక్టరు బాగుంది అని రాశాడు. ఆ తర్వాత ఎనిమిది నెలలకు ఏసేపు పోయాడు. జ్వరం అని కాగితం మీద రాసుకున్నారు. ఎద బాగున్నవాడు దుమ్ముకు ఎలా చస్తాడని కంపెనీ వాళ్ళు పైసా విదల్చలేదు, పదిహేను రోజుల్లో క్వార్టరు ఖాళీ చేయమన్నారు, బల్బు పోయింది, కొళాయి పోయింది, ఆ తర్వాత ఐదో తరగతితోనే మహిమ చదువూ పోయింది. తను నోరు విప్పితే ఇంకా ఎన్ని ఇళ్ళ బండారం బయటపడేదో, అందుకే మూసుకుంది. మొదట వాళ్ళ కోసం మూసుకుంది. తర్వాత వాళ్ళందరూ చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యాక కూడా మూసుకునే ఉంది, ఎవరి కోసం అంటే ఇంకేం చెబుతుంది.

మహిమ కోపంతో పెరిగింది. మా నాయన్ను కంపెనీ చంపింది అంటుంది, పొయ్యి దగ్గర అంటుంది, మండీలో అంటుంది, జెస్సీకి ఊయలలో జోలపాట బదులు అదే చెప్పింది. అబద్ధం కాదు అది. దుమ్ము కంపెనీదే, గని కంపెనీదే, ముక్కుకు గుడ్డ కూడా ఇవ్వనిది కంపెనీయే. కానీ పోదాం పా అన్న మనిషిని ఆపింది కంపెనీ కాదు. ఆ మాట మహిమకు తెలియదు. చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది, మహిమ తలకు నూనె పెట్టేటప్పుడు వచ్చింది, జయపాల్ పోయినప్పుడు వాడి శవం దగ్గర వచ్చింది, తొమ్మిదేళ్ళయింది వాడు పోయి, వాడూ చెప్పకుండానే పోయాడు, అక్క మాట నిలబెట్టాడు. చెప్తే మహిమ కోపం యాడికి పోవాల? కంపెనీ మీద ఉంటే అది దూరంగా ఉంటుంది, పడిపోయిన గోడల మీద ఉంటుంది, ఎవరికీ తగలదు. తన మీదికి మళ్ళితే ఒకే గుడిసెలో, ఒకే పొయ్యి దగ్గర, ఆ చూపు ఎలా భరించడం? ఏసుమణికి అదే భయం, దాపరికమేముంది. చావంటే లేదు, మహిమ చూపంటే భయం.

గది తలుపు తెరుచుకుని ఒక మనిషి ఎర్రబడ్డ ముఖంతో బయటికి వచ్చాడు, కొడుకును వెంటేసుకుని. లోపల ఊరికే ఏవో ప్రశ్నలు అడుగుతారట, నిజంగా నారగుట్ట వాళ్ళేనా కాదా తెలుసుకోవడానికి. కాలనీలో గని సైరను ఎన్నింటికి కూసేది అని అడిగితే ఆ పెద్దమనిషి పొద్దున తొమ్మిదింటికి అన్నాడట, ఆఫీసుకు పోయేవాడిలా. కుర్చీల్లోని ముసలివాళ్ళందరూ నవ్వారు. ఐదున్నరకు మొదటి కూత, ఆరింటికి రెండోది, ఎవరిని లేపి అడిగినా చెప్తారు, సమాధిలోంచి లేపి అడిగినా చెప్తారు. ఏసుమణి కూడా నవ్వింది. నవ్వుతుండగానే జెస్సీ ఫోను మోగింది.

మహిమ గొంతు ఫోనులోంచి కుర్చీల దాకా వినపడింది. ఫిల్ముకు ఫోటో తీసి తల్లికి పంపినట్టుంది పిల్ల. "మార్చినారు మే వాళ్ళు! కంపెనీ డాక్టరు మార్చినాడు, మా నాయన ఎద ఎవురికీ తెలీదా? లోపలికి పోయి అదే చెప్పు, భయపడాకు. మీ అవ్వను అడగమను. అవ్వకు అంతా తెలుసు. ఫోను అవ్వకియ్యి." జెస్సీ తెచ్చి చెవి దగ్గర పెట్టింది. "మా, నువ్వే చెప్పాల మా. కంపెనీ ఫోటో మార్చిందని నువ్వు గట్టిగా చెప్పు, పాప సీటు నీ చేతిలో ఉండాది." ఏసుమణి "ఆఁ" అంది. తలూపితే చాలు. ముప్పై నాలుగేళ్ళుగా ఊపుతున్న తలే, ఇంకొక్కసారి ఊపితే అరిగిపోతుందా? ఆ డాక్టరు పోయాడు, కంపెనీ పోయింది, అబద్ధం మోయడానికి ఎవరూ లేరు, ఎవరి ఉసురూ తగలదు. పిల్ల నర్సు అవుతుంది. మహిమ కోపం ఉన్నచోటే ఉంటుంది. ఏసేపు మాత్రం గడప మీద కూర్చుని ఉంటాడు, పక్కటెముకలు పట్టుకుని.

"జెస్సీ, మహిమ కూతురు, వేంపల్లె," అని పిలిచారు.

లోపల బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు, మధ్యలో రాఘవేంద్రప్రసాద్. జెస్సీ కూర్చోకుండానే మొదలుపెట్టింది. "సార్, కంపెనీ వాళ్ళు ఈ ఫోటో మార్చినారు సార్. మా తాత దుమ్ముకే పోయినాడు. కావాలంటే మా అవ్వను అడగండి."

రాఘవేంద్రప్రసాద్ నెమ్మదస్తుడు, కసురుకోలేదు. "వాళ్ళకు మార్చే అవసరమేముంది పాపా? ఎద చెడితే తీసేసేవాళ్ళు, అంతే గదా. అదే ఏడు పధ్నాలుగు మందిని తీసేసినారు, వాళ్ళ ఫోటోలు కూడా ఈ పెట్టెలోనే ఉండాయి, మచ్చలతో సహా. మీ తాతదొకటే ఎందుకు మారుస్తారు?"

జెస్సీ అవ్వ వైపు తిరిగింది. అవ్వకు అంతా తెలుసని నమ్మి తిరిగింది, ఆ నమ్మకం కళ్ళనిండా ఉంది. ఏసుమణి తల ఊపాలనే అనుకుంది. మెడ కదల్లేదు.

"ఆ ఫోటోలో ఉండేది మా ఇంటాయన గాదు నాయనా," అంది. "జయపాలు. మా తమ్ముడు. బదులు నిలబడినాడు. నేనే పంపినా."

రాఘవేంద్రప్రసాద్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, మళ్ళీ పెట్టుకున్నాడు. "నీకన్నా ముందు ఇద్దరు చెప్పినారక్కా, ఇట్లాంటిదే. మా నాయన కూడా చెప్పేవాడు. మేం కాదనం. రాసిస్తే పాపకు పూర్తిది వస్తాది. కానీ వివరంగా రాసియ్యాల, ఎవరు పంపినారు, జబ్బని తెలిసి పంపినారా తెలీక పంపినారా, అంతా. నీ వేలిముద్ర పడాల. కింద మీ మహిమ కూడా చదివి సంతకం పెట్టాల, అది రూలు." అని ఆమె ముఖం చూసి, "నేను రాసి పెడతాలే అక్కా, పాపను బయట కూర్చోమను," అన్నాడు.

"వద్దు నాయనా. పాపనే రాయనీ. ఎట్లాగూ తెలిసేదే."

జెస్సీ ఫిల్మును కవరులో పెట్టేసి, తెల్లకాగితం ముందుకు లాక్కుంది. అవ్వ చెప్తుంటే రాసింది, అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా పడ్డాయి, చదువుకున్న పిల్ల. గడప దగ్గర మాట వరకూ రాసింది, మేకల మాట కూడా రాసింది. జయపాల్‌ను పంపిన చోట పెన్ను ఆపి, తల ఎత్తకుండానే, లోగొంతుకతో అడిగింది. "'జబ్బని తెలీక' అని రాస్తా అవ్వా. సరేనా?"

రాఘవేంద్రప్రసాద్ ఏదో కాగితం వెతుక్కుంటున్నట్టు పక్కకు వంగాడు. ఇంత పిల్లకు ఇంత బుద్ధి ఎలా వచ్చిందా అనిపించింది ఏసుమణికి. తన కోసం అడిగింది, తల్లి కోసం అడిగింది. తెలీక అంటే అయిపోతుంది, మహిమ కూడా సంతకం పెట్టేసి పొయ్యి దగ్గరకు వచ్చి కూర్చుంటుంది.

"తెలిసే అని రాయి."

జెస్సీ రాసింది. రాసింది చదివి వినిపించాలి, చదువు రాని వాళ్ళ వేలిముద్రకు అదో పద్ధతి. పిల్ల నిలబడింది. రోజూ సాయంత్రం అవ్వకు బైబిలు చదివి వినిపించే గొంతే. "నా భర్త ఏసేపు ఇంక పని చేయలేనన్నాడు. మా ఊరికి పోదాం పా అన్నాడు. నేను వద్దన్నాను. జబ్బని..." అని ఆగిపోయింది.

"చదువు మా," అంది ఏసుమణి.

"జబ్బని తెలిసే, రెండేళ్ళు ఆయన బదులు నా తమ్ముణ్ణి పంపినాను."

"సరిగ్గానే రాసినావు," అంది ఏసుమణి, బొటనవేలు చాచింది.